డెబ్బై అయిదు అంగుళాల సాక్ష్యం

మా భవన నివాసుల సంక్షేమ సంఘం తన సమావేశ మందిరంలో డెబ్బై అయిదు అంగుళాల ఫ్లాట్ టీవీని నెలకొల్పిందనీ, దాని సాయంతో మూడో అంతస్తులో జరిగిన దొంగతనాన్ని తొమ్మిది రోజుల్లో ఛేదించిందనీ సంయుక్త కార్యదర్శి హోదాలో మీకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందులో బయటివాళ్ళ ప్రమేయం లేదు. పోలీసులు రాలేదు, లాయర్లు రాలేదు. ఒక టీవీ, ఇరవై నాలుగు కుటుంబాలు, మనందరికీ ఉండే ఇంగితం, అంతే. ఇలాంటి విజయాలు పదిమందికీ తెలియాలని కార్యవర్గం అభిప్రాయపడినందువల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పోయిన వస్తువు గురించి ముందు చెప్పాలి. మా అధ్యక్షులవారు పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. ముప్పై అయిదేళ్ళు కుర్చీలో కూర్చుని కష్టపడినందువల్ల ఆయన కాళ్ళు బాగా అలిసిపోయాయి. అందుకని కాళ్ళు పిసికే యంత్రం ఒకటి తెప్పించుకున్నారు. కొరియర్ అతను అట్టపెట్టెను మూడో అంతస్తులో వదిలి, బెల్లు కొట్టే శ్రమ పడకుండా వెళ్ళిపోయాడు. అధ్యక్షులవారు మధ్యాహ్నం కునుకు తీసి, లేచి తలుపు తెరిచేసరికి పెట్టె లేదు. ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. "పోయింది నా పెట్టె కాదు, మన సంఘం పరువు," అని ఆయన గంభీరంగా ప్రకటించారు. తర్వాత పరువు గురించి రెండు నిమిషాలు, పెట్టె గురించి గంటన్నర చర్చించాం.

మా భవనంలో కెమెరాలు లేవనుకునేరు. నాలుగున్నాయి. ఆరేళ్ళ కిందట పెట్టించాం. అవి తీసే బొమ్మలన్నీ నిలవ చేసే రికార్డర్ వాచ్‌మన్ గదిలో స్టూలు మీద ఉంటుంది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కాబట్టి వాచ్‌మన్ దానిమీద తన అన్నం క్యారియర్ పెట్టుకుంటాడు. ఈ ఆరేళ్ళలో ఆ రికార్డర్ వల్ల నిర్వివాదంగా లాభపడింది ఆ క్యారియర్ ఒక్కటే. బిగించిన రోజున కెమెరాల మెకానిక్ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. బొమ్మ స్పష్టంగా కావాలంటే అందులో పది రోజుల రికార్డింగే పడుతుంది, నాసిగా ఉన్నా ఫరవాలేదంటే వంద రోజులది పడుతుంది, ఏది కావాలి? పదికన్నా వంద ఎక్కువని సభ్యులందరికీ తెలుసు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అప్పటినుంచి మా మెట్లమీద ఎవరు తిరిగారో పోల్చుకోవడానికి వీల్లేని బొమ్మలను వంద రోజులపాటు భద్రంగా దాచుకుంటున్నాం.

వాచ్‌మన్ గదిలో రికార్డర్‌కు తగిలించిన తెర పలక అంత ఉంటుంది. కార్యవర్గం ఏడుగురమూ ఆ గదిలో ఒకరిమీద ఒకరు పడి చూశాం. మధ్యాహ్నం మూడూ పదికి మూడో అంతస్తు వరండాలో బొటనవేలంత ఆకారం ఒకటి వచ్చింది, వంగింది, పెట్టె తీసుకుంది, కెమెరా కిందుగా పోయింది. మనిషే. అంతవరకూ అనుమానం లేదు. ఎవరన్నదే తేలలేదు. అప్పుడు అధ్యక్షులవారు ఒక శాస్త్రీయమైన మాట చెప్పారు.

"తెర చిన్నది కాబట్టి మొహం చిన్నగా ఉంది. తెర పెద్దదైతే మొహమూ పెద్దదవుతుంది. మొహం పెద్దదైతే ఎవరో తెలియకుండా ఎక్కడికి పోతుంది?"

ఈ వాదనలో లోపం ఎవరికీ కనబడలేదు. కోశాధికారి బలపరిచారు. నేను మినిట్స్ పుస్తకంలో రాశాను.

మూడో రోజుకల్లా టీవీ వచ్చింది. లిఫ్టులో పట్టలేదు. నలుగురు కూలీలు మెట్లమీదుగా మోస్తుంటే అయిదో చెయ్యి వేసింది మెట్లమ్మ. ఈవిడ మా మెట్లు తుడిచే మనిషి. పదకొండేళ్ళుగా పొద్దున్నే మా భవనంలోనూ, తర్వాత పక్క భవనంలోనూ మెట్లు తుడుస్తుంది కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. అసలు పేరు ఉండే ఉంటుంది. టీవీని గోడకు బిగించాక దానిమీద పడిన సున్నపు దుమ్మును మెత్తటి గుడ్డతో తుడిచింది కూడా ఆవిడే. "అబ్బో, ఇందులో చీమ నడిచినా కనిపిస్తుంది కదయ్యా!" అని సంబరపడింది. ఆ గుడ్డ కూడా ఇంటినుంచి తనే తెచ్చుకుంది.

రికార్డర్‌ను టీవీకి కలపడానికి పాత మెకానిక్‌నే పిలిపించాం. తల పండిన మనిషి, నోరు తిన్నగా ఉండదు. తీగలు కలుపుతూనే సణగడం మొదలుపెట్టాడు.

"సార్, లోపల ఉన్నదే టీవీ చూపిస్తుంది. మీ రికార్డింగులో మొహం మొత్తం పది పదకొండు గడులు. చిన్న తెరమీద చిన్న గడులు, పెద్ద తెరమీద పెద్ద గడులు. టీవీని ఇంకో గోడంత కొన్నా లేని ముక్కు రాదండీ."

"కొత్త టీవీ పెట్టెమీద 'సజీవ చిత్రం' అని రాసుంది, చూశావా?" అని అడిగారు కోశాధికారి. మెకానిక్ చూశానన్నాడు. "మరి?" అన్నారు కోశాధికారి. చదువుకున్నవాళ్ళతో వాదించడం చేతకాక అతను మళ్ళీ తీగల పనిలో పడ్డాడు.

ఆ ఆదివారం సాయంత్రం మొదటి ప్రదర్శన. ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ ఎవరి కుర్చీలు వాళ్ళు తెచ్చుకున్నారు. రెండో అంతస్తు టీచరమ్మ మనవళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చారు, నేరం చేస్తే ఏమవుతుందో చిన్నప్పుడే తెలియాలని. దీపాలు ఆర్పారు. తెరమీద మా మూడో అంతస్తు వరండా గోడంత ఎత్తున ప్రత్యక్షమైంది. మూడూ పది అయింది. ఆకారం వచ్చింది. దానికి మొహం ఉండవలసిన చోట బూడిదరంగువీ, గోధుమరంగువీ పలకలు కొన్ని ఉన్నాయి. ఎవరో లెక్కపెట్టారు. పదకొండు. మెకానిక్ చెప్పిన లెక్క సరిపోయినందుకు అందరూ అతణ్ణి కోపంగా చూశారు.

తర్వాత నాలుగో అంతస్తు ఇంజనీరు ఒక సంగతి కనిపెట్టారు. కళ్ళు చికిలించి చూస్తే గడులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మొహం లాంటిది ఏర్పడుతోంది. కళ్ళజోళ్ళున్నవాళ్ళు అవి తీసేస్తే ఇంకా మేలు. వెంటనే ముప్పై కళ్ళజోళ్ళు ఒళ్ళోకి దిగాయి. స్పష్టంగా చూడాలని టీవీ కొన్న సంఘం, ఆ టీవీ ముందు సగం గుడ్డిగా కూర్చుని శ్రద్ధగా చూసింది. అందరికన్నా ముందు గుర్తుపట్టింది టీచరమ్మ. ఆవిడకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, వచ్చే నెల ఆపరేషన్.

"ఇంకెవరు, మన మెట్లమ్మ కాదూ!" అన్నారావిడ.

చెబితే నమ్మరు, ఆ మాట వినబడగానే పదకొండు గడులూ చకచకా సర్దుకుని మెట్లమ్మ అయిపోయాయి. నుదురు ఆవిడదే. గడ్డం ఆవిడదే. లేని ముక్కు కూడా ఆవిడ ముక్కులాగే లేదు. అవునన్నవాళ్ళను చేతులెత్తమన్నప్పుడు నేను మూడోవాడిగా ఎత్తాను. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు, నాకు నిజంగానే ఆవిడ కనిపించింది.

అయితే మాది గుడ్డిగా నిర్ణయాలు తీసుకునే సంఘం కాదు. పరీక్షలు జరిపాం. టీవీ రిమోట్‌లో బొమ్మను మార్చే పద్ధతులు నాలుగున్నాయి. మామూలు పద్ధతిలో ఆ మనిషి ఒంటిమీద బట్టలు బూడిదరంగులో ఉన్నాయి. మెరుపు పద్ధతి పెడితే నీలిరంగులోకి వచ్చాయి. మెట్లమ్మకు సంఘం ఇచ్చిన పని కోటు నీలిరంగే. ఆటల పద్ధతిలో ఆకుపచ్చ తేలింది, మావాళ్ళలో ఎవరికీ అలాంటి బట్టలు లేవు. సినిమా పద్ధతి పెట్టేసరికి ముదురు గోధుమరంగు వచ్చింది. అది అచ్చంగా కోశాధికారి స్వెట్టర్ రంగు. ఆయన అప్పుడు అదే తొడుక్కుని రిమోట్ పట్టుకుని నిలబడి ఉన్నారు. సినిమా పద్ధతి కళ్ళకు హానికరమని ఆయన చెప్పారు. ఇకమీదట సంఘం వ్యవహారాలన్నిటికీ మెరుపు పద్ధతే అధికారికమని తీర్మానించాం.

మర్నాడు మెట్లమ్మను పిలిపించి టీవీ పక్కన నిలబెట్టాం. ఒకసారి తెరనూ ఒకసారి ఆవిడనూ చూడటానికి వీలుగా దీపాలు సగం వేశాం. అధ్యక్షులవారు సౌమ్యంగానే మొదలుపెట్టారు. ఒప్పుకుంటే మాట బయటికి పోనివ్వబోమని, పెట్టె తెచ్చి ఇస్తే క్షమించడం గురించి ఆలోచిస్తామని చెప్పారు. ఆవిడ తెరవంక చాలాసేపు చూసింది.

"అయ్యా, ఇందులో మొహం ఏదండీ? కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. నేనని ఎట్లా అంటున్నారు?"

"మొహం లేదు కాబట్టే ఇంత జాగ్రత్తగా చూస్తున్నాం," అన్నారు కోశాధికారి. "ఉంటే ఒక్క చూపుతో తేలిపోయేది."

"ఆ పూట నేను పక్క భవనంలో ఉన్నానండీ. అక్కడివాళ్ళను అడగండి. మీ ఇళ్ళ తాళాలు ఎన్నిసార్లు నా చేతికిచ్చి ఊళ్ళకెళ్ళారు? ఒక్క చెంచా పోయిందా? ఈ దొంగ అన్న మాట బయటికి పోతే ఈ వీధిలో నన్ను ఎవరూ గడప తొక్కనివ్వరు. నా ఇల్లు గడవాలి కదండీ."

ఆవిడ గొంతు వణికింది. గొంతు వణికిన సంగతిని సభ్యులు గమనించి, నిర్దోషుల గొంతు వణకదని చెవులు కొరుక్కున్నారు. వణక్కపోయి ఉంటే ఎంత పొగరో అని కొరుక్కునేవాళ్ళు. ఆ రెండింటికీ మేం సిద్ధంగానే ఉన్నాం.

అన్యాయం జరగకూడదని చివరగా ఇంకో పరీక్ష పెట్టాం. ఖాళీ అట్టపెట్టె ఒకటి మూడో అంతస్తులో పెట్టి, మెట్లమ్మను అదే కెమెరా కింద వంగి అది తీసుకుని నడవమన్నాం. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వంగింది, తీసుకుంది, నడిచింది. మెకానిక్ ఆ రికార్డింగును తెచ్చి పెద్ద తెరమీద వేశాడు. నుదుట గడులు, బుగ్గన గడులు, మొత్తం పదకొండు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మందిరంలో చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

మెకానిక్ మాత్రం మొహం ముడుచుకుని ఇంకో రికార్డింగు వేశాడు. తెరమీదకు మరో గడుల మనిషి వచ్చి, అటూ ఇటూ చూసి, చేతులు ఊపుకుంటూ మెట్లు దిగాడు. "అదిగో మళ్ళీ వచ్చింది!" అని అరిచారు టీచరమ్మ. "ఆ నడక చూడండి, దొంగ నడక!" అన్నారు ఇంజనీరు. "కళ్ళలోనే తెలుస్తోంది," అన్నారు ఇంకెవరో. బొమ్మను ఆపి, మెకానిక్ అధ్యక్షులవారివైపు తిరిగాడు.

"ఇది మీరేనండీ. నిన్న పొద్దున ఆరింటికి వాకింగ్‌కి పోతున్నారు. టైము కింద రాసుంది చూడండి. ఈ రికార్డింగులో ఎవరిని నిలబెట్టినా పదకొండు గడులే వస్తాయి."

అధ్యక్షులవారు ఒక్క క్షణం తడబడ్డారేగాని, ముప్పై అయిదేళ్ళ అనుభవం ఊరికే పోదు. "చూశారా," అన్నారు బాధగా, "నా నడకను కూడా అనుకరించడం నేర్చుకుంది."

ఆ తర్వాత ఇక చర్చ అవసరం లేకపోయింది. సంఘం గౌరవానికి భంగం కలిగించినందుకు మెకానిక్‌ను ఇకమీదట పిలవకూడదనీ, మెట్లమ్మను పనిలోంచి తీసివేయాలనీ రెండు తీర్మానాలు చేశాం. రెండో తీర్మానం రాసేటప్పుడు ఆవిడ అసలు పేరు కావలసి వచ్చింది. ఇరవై నాలుగు ఇళ్ళలో ఒక్కరికీ తెలియదు. వెళ్ళి అడుగుదామంటే అప్పటికే గేటు దాటింది. అందువల్ల "మెట్లమ్మ అనబడు వ్యక్తి" అని రాశాను. నీలం కోటు మాత్రం మడతపెట్టి వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిందట. అది సంఘం ఆస్తి కాబట్టి రిజిస్టర్‌లో జమ చేశాం.

ఇక్కడితో ఈ నివేదిక ముగియవలసింది. కాని వారం తిరక్కుండానే మా ఇంట్లో మిక్సీ పాడైంది. పాతది ఎలాగూ పోయేలా ఉందని మా ఆవిడ ముందే ఒక కొత్తదానికి ఆర్డరిచ్చింది. ఆ పెట్టె వచ్చిన రోజున బీరువా మీద పెట్టింది నేనే. స్టూలెక్కి దింపి విప్పాను. లోపల మిక్సీ లేదు. రెండు పెద్ద బూట్ల లాంటి యంత్రం ఉంది. కాళ్ళు అందులో పెట్టి బటన్ నొక్కితే పిసుకుతుందని కాగితం మీద బొమ్మ వేసుంది. పెట్టెమీద అధ్యక్షులవారి పేరు, పాత హోదాతో సహా, వేలెడేసి అక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

మా ఇల్లూ అధ్యక్షులవారి ఇల్లూ పక్కపక్కనే. తలుపుకూ తలుపుకూ మధ్య రెండు అడుగులుంటుంది, వాటి పైనే ఉన్న కెమెరాకు తలుపులు కనబడవు. కొరియర్లు ఏ పెట్టె అయినా ఆ రెండు అడుగుల్లోనే పెట్టి పోతారు. మాదే అనుకుని చదవకుండా ఎత్తుకొచ్చాను. ఆ సాయంత్రమే పెట్టె పోయిందని గోలైనా, ఆ పెట్టె ఇదేనేమోనని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. కార్యవర్గ సభ్యులకు అలాంటివి తట్టవు.

మా ఆవిడ పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూసింది. "అంటే ఆ టీవీలో ఉన్నది మీరు," అంది.

"అలా అనడానికి..." అని నీళ్ళు నమిలాను.

"ఆవిడే దొంగని చెయ్యెత్తిందీ మీరే. ఇప్పుడే వెళ్ళి చెప్పండి."

నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. భయమే ఎక్కువ అని చెప్పుకోవడానికి వెనకాడను. నలుగురిలో తలెత్తుకుని తిరుగుతున్నవాణ్ణి, సంయుక్త కార్యదర్శిని, పెట్టె దొంగనని ఎలా చెప్పను? ముందు పెట్టె ఎవరూ చూడకుండా అధ్యక్షులవారి తలుపు ముందు పెట్టేద్దామనీ, వస్తువు దొరికాక మెట్లమ్మను మళ్ళీ పిలిపించే పూచీ నాదనీ మా ఆవిడకు నచ్చజెప్పాను. నేను హోదాలో ఉన్నవాణ్ణి కాబట్టి పెట్టేది కూడా తననే పెట్టమన్నాను. ఆవిడ పెట్టె తీసుకెళ్ళి పెట్టొచ్చింది.

పెట్టె తిరిగొచ్చిన వార్తతో భవనం పండగ చేసుకుంది. మా టీవీకి భయపడి దొంగ సొత్తు తిరిగి ఇచ్చేసిందని అధ్యక్షులవారు ప్రకటించారు. ఆ సాయంత్రమే రెండో ప్రదర్శన. మెరుపు పద్ధతిలో నీలిరంగు మనిషి ఒకరు వచ్చి, పెట్టె దించి, చీర కొంగులాంటి గడి ఒకటి సర్దుకుని వెళ్ళిపోయారు. "మెట్లమ్మే!" అన్నారు నలుమూలలనుంచీ. వెనక నిలబడ్డ వాచ్‌మన్ గొంతు సవరించుకుని, ఆవిడ గేటులోకి అడుగుపెట్టి వారం కావస్తోందని విన్నవించాడు.

"గేటులోకి రాకుండానే మూడో అంతస్తుకు చేరిందంటే ఎంత ఆరితేరిందో చూడండి," అన్నారు కోశాధికారి. సభ్యులు ముక్కున వేలేసుకున్నారు.

అప్పుడు మా ఆవిడ లేచి నిలబడింది. "అది మెట్లమ్మ కాదు, నేను. పెట్టె పెట్టింది నేను. ఆ రోజు పొరపాటున తీసుకెళ్ళింది మా ఆయన. పాపం ఆవిడకు ఏ సంబంధమూ లేదు. ఆవిడను పిలిపించి అందరం క్షమాపణ అడగాలి."

నేను కుర్చీలో కిందికి జారాను. కాని మా సంఘం గొప్పతనం మీకింకా పూర్తిగా తెలియదు. ఎవరూ నావైపు వేలు చూపలేదు. టీచరమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "నీది వెన్నలాంటి మనసమ్మా. పేదవాళ్ళంటే జాలి ఉండాలి గాని, ఇంత ఉండకూడదు," అన్నారు. ఇంజనీరు తెర దగ్గరకు వెళ్ళి బుగ్గ ఉండే చోటు చూపించారు. "మీ బుగ్గ ఇలా ఉంటుందా మేడం? మీరే చెప్పండి." నిజంగా ఉండదు. ఎవరి బుగ్గా అలా ఉండదు.

"నా మొహం నాకు తెలియదా?" అంది మా ఆవిడ.

"ఎవరి మొహం వాళ్ళకు కనిపించదమ్మా," అన్నారు అధ్యక్షులవారు. తర్వాత నావైపు తిరిగారు. "కార్యదర్శిగారూ, ఇరవై ఆరేళ్ళు కాపురం చేసినవారు. మీరు చూసి చెప్పండి. ఈ తెరమీద ఉన్నది మీ ఇంటావిడేనా?"

మందిరమంతా నావంక చూసింది. మా ఆవిడ కూడా చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, మెట్లమ్మ మర్నాడు పనిలోకి వస్తుంది. లేచి తెర ముందుకు వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. తీసి చూశాను. నిజం చెబుతున్నాను, నన్ను నమ్మండి. పెట్టె పెట్టింది మా ఆవిడేనని తెలుసు, పెట్టమన్నది నేనని తెలుసు. అయినా ఆ పదకొండు గడుల్లో నాకు కనిపించింది మెట్లమ్మే.

"బొమ్మ చాలా స్పష్టంగా ఉందండీ," అన్నాను. "ఆమే."

మా ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మర్నాడు మెట్లమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళిందట. దొరకలేదు. పేరు తెలియకుండా ఎవరిని అడుగుతుంది? పోయినవారం పక్క భవనం సంఘంవాళ్ళు మా టీవీని చూసి పోవడానికి వచ్చారు. ఆ మధ్యాహ్నం మూడూ పదికి మెట్లమ్మ తమ మెట్లమీదే ఉందని వాళ్ళకు తెలుసు. వాళ్ళ కార్యదర్శి ఆవిడకు స్వయంగా టీ కూడా ఇచ్చాడట. అయినా తెర చూడగానే గుర్తుపట్టి, వెళ్ళి వాళ్ళూ పనిలోంచి తీసేశారు. అంతకన్నా పెద్ద టీవీ కొనే ఆలోచనలో ఉన్నారు.

ఆసక్తి ఉన్నవారు ఏ ఆదివారమైనా సాయంత్రం అయిదింటికి మా మందిరానికి దయచేయవచ్చు. ప్రవేశం ఉచితం. మీరు మెట్లమ్మను ఎన్నడూ చూసి ఉండరు, ఆవిడ పేరైనా మీకు తెలియదు. ఫరవాలేదు. తెరమీద వేయగానే, మేం ఎవరమూ చెప్పకముందే, మీరు ఇట్టే గుర్తుపడతారు.